సముద్రానికి ఎదురుగా ఉన్న ఇంటికి సోఫా: యాట్‌లలో చేసే పని మన హాలుకు పనికివస్తుందా?

రుషికొండ నివాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మేము విశాఖపట్నంలో రుషికొండ వైపు, సముద్రానికి అర కిలోమీటరు దూరంలో, ఏడో అంతస్తులో ఉంటున్నాము. నాలుగేళ్ల క్రితం ఒక పెద్ద దుకాణంలో లెదరెట్ అని చెప్పి అమ్మిన మూడు సీట్ల సోఫా కొన్నాము. మూడో వానాకాలం గడిచేసరికి దాని పైపొర రేకులు రేకులుగా లేవడం మొదలైంది. ఇప్పుడు దాని మీద కూర్చుని లేచినవారి బట్టలకు నల్లటి పొట్టు అంటుకుంటున్నది. అడుగున ఉన్న వంకర స్ప్రింగులు తుప్పు పట్టి, కదిలినప్పుడల్లా కిర్రుమంటున్నాయి.

అంతకన్నా పెద్ద ఇబ్బంది మా నాన్నగారిది. ఆయనకు 76 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఆ సోఫాలో కూర్చుంటే లోపలికి కూరుకుపోయి, ఎవరైనా చెయ్యి అందిస్తే తప్ప లేవలేకపోతున్నారు. హాలులో అంత సోఫా ఉండగా ఆయన భోజనాల బల్ల దగ్గరి చెక్క కుర్చీని లాక్కుని, అందులో కూర్చుని టీవీ చూస్తున్నారు.

అందుచేత ఈసారి తయారైన సోఫా కొనకుండా, కొలతలు ఇచ్చి చేయించుకోవాలని అనుకుంటున్నాము. మా అబ్బాయి విలాసవంతమైన యాట్‌ల లోపలి ఫొటోలు చూపించి, ఎప్పుడూ ఉప్పునీటి మీదే తిరిగే నౌకలలో సోఫాలు పాడవకుండా ఉంటున్నాయంటే ఆ సరుకే మనమూ తెప్పించుకోవచ్చు కదా అంటున్నాడు. ఆ మాటలో నిజమెంత? ఖర్చు పెట్టవలసివస్తే పైన కనిపించే బట్ట మీద పెట్టాలా, లోపలి ఫోమ్ మీద పెట్టాలా? ఈ పని తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

తీరపు కుట్టు (జవాబు)

నమస్కారమండీ. నేను యూఏఈలో యాట్‌లు తయారుచేసే ఒక యార్డులో సోఫాలు, పరుపుల విభాగంలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. అంతకు ముందు రాజమహేంద్రవరంలో ఇదే పని నేర్చుకున్నాను. మీ అబ్బాయి ఆలోచన సగం సరైనదే కానీ, ఆ ఫొటోలలో ఆయన చూసిన సగం బహుశా మీకు పనికిరాని సగమై ఉంటుంది.

యాట్‌లో రెండు లోకాలు ఉంటాయి. లోపలి సెలూన్ (అంటే అందరూ కూర్చునే హాలు), పడకగదులు ఒకటి. ఎండకు, వానకు, కెరటాల తుంపరకు ఎదురుగా ఉండే డెక్ రెండవది. ఫొటోలలో మెరిసిపోయే సోఫాలు చాలావరకు సెలూన్‌లోనివి. వాటికి వాడేది సముద్రాన్ని తట్టుకునే ప్రత్యేకమైన బట్ట కాదు. మెత్తటి తోలు, ఉన్ని, పట్టు, ఒక్కొక్కసారి కాశ్మీరు ఉన్ని కూడా వాడతారు. అవి ఇంటి సోఫా బట్టల కన్నా సున్నితమైనవి. అయినా పాడవకుండా ఉండడానికి కారణం రాత్రింబగళ్లు నడిచే ఏసీ, కిటికీలకు కట్టిన తెరలు, రోజూ తుడిచి సర్దే సిబ్బంది. యజమాని సంవత్సరంలో కొన్ని వారాలు మాత్రమే అందులో ఉంటాడన్న సంగతి కూడా మరచిపోకూడదు. మీ ఇంట్లో పొద్దున్నే కిటికీలు తెరిస్తే సముద్రపు గాలి నేరుగా లోపలికి వస్తుంది, పిల్లలు దాని మీద కూర్చుని మామిడిపండు తింటారు. కనుక సెలూన్ బట్టను అనుకరించడం వృథా.

డెక్ పని నుంచి మాత్రం మీరు అరువు తెచ్చుకోదగినవి కొన్ని ఉన్నాయి, పైగా అవి ఖరీదైనవి కూడా కావు. మొదటిది మేకులు, పిన్నులు. సోఫా బట్టను చెక్కకు బిగించే గన్ను పిన్నులు సాధారణ ఇనుమువి అయితే, ఉప్పుగాలిలో తుప్పు పట్టి, ఆ మరక బట్ట మీదికి పాకుతుంది. మేము 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు పిన్నులే వాడతాము. మామూలుగా దొరికే 304 రకంలో లేని మాలిబ్డినం ఇందులో రెండు మూడు శాతం ఉండడం వల్ల ఉప్పును బాగా తట్టుకుంటుంది. ఒక సోఫాకు పట్టే పిన్నుల ధరలో తేడా మొత్తం ఖర్చులో కనిపించనే కనిపించదు. జిప్పులు ఇత్తడివి కాకుండా లావు పళ్ల ప్లాస్టిక్‌వి వేయించండి. దారం నూలుది వద్దు, ఎండ తగిలే చోట నైలాను కూడా వద్దు. పాలియెస్టర్ దారం చాలు. డెక్ మీద కొందరు పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) దారం అడుగుతారు, అది ఎండకు దాదాపు చెడదు, కానీ మీ హాలుకు అంత అవసరం లేదు.

ఇక్కడే ఒక హెచ్చరిక. యాట్ ఫోమ్ అనే పేరుతో మీకు ఎవరైనా జల్లెడలాంటి రంధ్రాలున్న ఫోమ్ అమ్మజూపవచ్చు. ఫోమ్ లోపలి బుడగల మధ్య ఉండే పలుచని పొరలను తొలగించి దాన్ని తయారుచేస్తారు. వాన నీరు పైనుంచి పడితే కిందినుంచి కారిపోతుంది. డెక్ మీద అది ఎంతో మేలైన వస్తువు, మీ బాల్కనీలో దిండ్లకు కూడా వాడుకోవచ్చు. హాలు సోఫాలో వాన పడదు కనుక అక్కడ దానికి డబ్బు పెట్టడం అనవసరం, పైగా అది కాస్త గట్టిగా కూడా ఉంటుంది.

ఇంకొక విషయం. యాట్‌లో సీటు కింద సామాను పెట్టెలు ఉంటాయి కాబట్టి చాలాచోట్ల స్ప్రింగులు ఉండవు, ప్లైవుడ్ పలక మీదే ఫోమ్ పెడతాము. ఆ పలకకు వరుసగా రంధ్రాలు వేస్తాము, ఎందుకంటే గాలి ఆడని చోట చెమ్మ చేరి పరుపు అడుగున బూజు పడుతుంది. మీ స్ప్రింగులు తుప్పు పట్టాయి కనుక ఈ పద్ధతి గురించి ఆలోచించవచ్చు, కానీ పలక గట్టిది కావడం వల్ల ఫోమ్ మందం 12 సెంటీమీటర్లకు తగ్గకూడదు. తగ్గితే కొద్ది నెలలకే కింద చెక్క తగులుతున్నట్లు ఉంటుంది.

అయితే నా దృష్టిలో మీరు యాట్‌ల నుంచి నేర్చుకోవలసిన అసలు విషయం సరుకు కాదు, వరుస. మేము పై బట్టను చివరివరకూ కోయము. ముందు చట్రం, దాని మీద ఫోమ్, దాని మీద తెల్లటి గాడా గుడ్డ తొడిగి, యజమానిని గానీ ఆయన పంపినవారిని గానీ కూర్చోబెడతాము. రెండు నిమిషాలు కాదు, కాఫీ తాగి కబుర్లు చెప్పేంతసేపు. నడుము దగ్గర ఖాళీ వస్తున్నదా, తొడ కింద అంచు నొక్కుతున్నదా, లేచేటప్పుడు చేతులు దేనిమీద ఆనుతున్నాయి అన్నవి చూసి, ఫోమ్ కోసి, అతికి, మళ్లీ కూర్చోబెడతాము. ఒక్కొక్క సీటుకు ఇలా మూడు నాలుగు సార్లు జరుగుతుంది. కొలతలిచ్చి చేయించుకోవడమంటే నిజానికి ఇదే. మీ ఊరి మేస్త్రీ కూడా ఇది చేయగలడు, అడగాలి అంతే.

బెజవాడ సోఫా పని (జవాబు)

పైన చెప్పిన వారి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను, ప్లైవుడ్ పలక విషయంలో తప్ప. విజయవాడలో ముప్ఫై రెండేళ్లుగా సోఫాలు కట్టి, విప్పి, మళ్లీ కట్టిన అనుభవంతో కొన్ని మాటలు రాస్తున్నాను.

మీరు అడిగిన చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను: లోపలి సరుకు మీద ఖర్చు పెట్టండి. బట్ట పాడైతే ఒక్క రోజులో మార్చవచ్చు. ఫోమ్ కుంగితే, చట్రం వదులైతే, సోఫా మొత్తం విప్పాలి.

ఫోమ్ దుకాణంలో అందరూ మెత్తగా ఉందా, గట్టిగా ఉందా అని వేలితో నొక్కి చూస్తారు. అది తప్పు పరీక్ష. సాంద్రత వేరు, గట్టితనం వేరు. 40 సాంద్రత అంటే ఒక ఘనమీటరు ఫోమ్ 40 కిలోల బరువు ఉంటుందని అర్థం. అందులో మెత్తటిదీ ఉంటుంది, గట్టిదీ ఉంటుంది. 20కి దగ్గరగా ఉన్న ఫోమ్‌ను కూడా గట్టిగా తయారుచేయవచ్చు, కొత్తలో అది బాగానే అనిపిస్తుంది, ఏడాది తిరిగేలోగా గుంట పడుతుంది. ఎంతకాలం నిలుస్తుందన్నది సాంద్రతను బట్టి, కూర్చుంటే ఎలా ఉంటుందన్నది గట్టితనాన్ని బట్టి. సీటుకు 40, వీపుకు 28 నుంచి 32 వరకు సరిపోతుంది. బరువు తూచి తీసుకుంటే చాలదా అని అడుగుతారేమో; కొందరు తయారీదారులు సుద్దపొడి కలిపి బరువు పెంచుతారు. అటువంటి ఫోమ్ ముక్కను గట్టిగా నలిపితే చేతికి తెల్లటి పొడి అంటుతుంది, చించితే సులువుగా పొడిపొడిగా తెగుతుంది. మీ ఊరి తేమకు ఫోమ్ కొంచెం మెత్తబడుతుంది కూడా, కనుక ఏసీ షోరూములో సరిగ్గా ఉన్నదని అనిపించిన దానికన్నా ఒక మెట్టు గట్టిదాన్ని ఎంచుకోండి.

ఒకే దిమ్మ వేయించవద్దు. అడుగున గట్టి హెచ్ఆర్ ఫోమ్ (నొక్కి వదిలితే త్వరగా తిరిగి లేచే రకం), దాని మీద మూడు నాలుగు సెంటీమీటర్ల మెత్తటి పొర, ఆ రెంటినీ చుట్టి పాలియెస్టర్ దూది షీటు. కూర్చోగానే మెత్తగా తగలాలి, తగిలిన తరువాత ఆపాలి. ఖరీదైన సోఫాలలో పక్షి ఈకలు నింపుతారు. అవి తీరప్రాంతపు తేమకు వాసన పట్టే ప్రమాదముంది, పైగా రోజూ తట్టి లేపాలి. ఆ పనికి మన పాతకాలపు బూరుగు దూదే నయం. దాని పోగులకు మైనం వంటి పూత ఉండడం వల్ల నీటిని అంత త్వరగా పీల్చుకోదు. ఒకప్పుడు నౌకలలో ప్రాణరక్షణ కోట్లలో నింపింది ఇదే దూది. మీ అబ్బాయికి యాట్ సరుకే కావాలంటే ఇదిగో, మన పెరట్లో చెట్టుకే కాస్తున్నది. సీటులో మాత్రం వద్దు, అణిగిపోతుంది. వీపు దిండ్లలో నింపి, నెలకొకసారి ఎండలో వేయండి.

ఇప్పుడు నా అభ్యంతరం. ప్లైవుడ్ పలక నౌకకు సరే, ఇంటికి ఎందుకు? నవారు మంచం మీద పడుకున్న వారికి తెలుసు, అడుగున కొంచెం సాగే గుణం ఉంటే వెన్నుకు ఎంత హాయిగా ఉంటుందో. సోఫాకు కూడా రబ్బరు కలిపి నేసిన వెడల్పు పట్టీలను అడ్డం నిలువు అల్లి, లాగి బిగించవచ్చు. ఇనుము లేదు కనుక తుప్పు లేదు, కిర్రుమనే శబ్దమూ లేదు. ఎనిమిది పదేళ్లకు పట్టీలు సాగితే మార్చుకోవడం తేలిక.

ఇక పెద్దాయన సంగతి. ఆయన కోసం సోఫా మొత్తాన్ని మార్చకండి. ఒక సోఫా ఇంట్లో అందరి నడుములకూ సరిపోదు. ఆరడుగుల కొడుకుకు, అయిదడుగుల తల్లికి, మోకాళ్ల నొప్పులున్న తండ్రికి ఒకే లోతు ఎలా కుదురుతుంది? మూడు సీట్ల సోఫా మిగిలినవారి కోసం చేయించి, అదే బట్టతో ఆయన ఒక్కరి కొలతకు విడి కుర్చీ చేయించండి. ఆయనను గోడకు వీపు ఆనించి బల్ల మీద కూర్చోబెట్టి, గోడ నుంచి మోకాలి వెనుక మడత వరకు కొలవండి. అందులో నాలుగైదు సెంటీమీటర్లు తీసివేస్తే సీటు లోతు వస్తుంది. నేల నుంచి మోకాలి మడత వరకు కొలిచి, దానికి మూడు సెంటీమీటర్లు కలిపితే సీటు ఎత్తు. ఈ ఎత్తు ఆయన కూర్చున్న తరువాత ఉండవలసినది. ఫోమ్ కుంగేది కూడా కలుపుకోవాలి. చేతులు ఆనే భాగం సీటుకు 20 నుంచి 25 సెంటీమీటర్ల ఎత్తులో, ముందు అంచు దాకా రావాలి.

కుర్చీ ముందు భాగాన్ని నేల దాకా చెక్కతోగానీ కుచ్చుల గుడ్డతోగానీ మూయించవద్దు. చాలామంది గమనించరు, మనిషి లేచేటప్పుడు పాదాలను మోకాళ్ల కన్నా వెనక్కి తీసుకుంటాడు. ఆ చోటు లేకపోతే ఎంత మంచి కుర్చీలోంచైనా లేవడం కష్టమే.

నేత లెక్కలు (జవాబు)

నేను వస్త్ర పరిశ్రమలో నాణ్యత పరీక్షల విభాగంలో ఉన్నాను. మీ పాత సోఫా పైపొర ఎందుకు ఊడిందో చెప్పడం వరకే నా పరిధి.

లెదరెట్ అనే పేరు కింద రెండు వేరువేరు వస్తువులు అమ్ముతారు. ఒకటి పీవీసీ పూత, మనం రెగ్జిన్ అనేది సాధారణంగా ఇదే. దానిని మెత్తగా ఉంచే నూనెల వంటి పదార్థం కాలక్రమంలో బయటికి పోయి, అది గట్టిపడి పగులుతుంది. రెండవది పాలియూరితేన్ పూత. చవకైన రకంలో వాడే పాలియెస్టర్ ఆధారిత పాలియూరితేన్‌ను గాలిలోని తేమ నెమ్మదిగా విరగగొడుతుంది. వేడి తోడైతే ఇంకా త్వరగా విరుగుతుంది. మీ సోఫా రేకులుగా ఊడిందంటే ఈ రెండవ రకమే అయివుంటుంది. మీరు వాడకపోయినా, మూలన పెట్టి కప్పి ఉంచినా అది ఊడేది. తీరప్రాంతంలో కృత్రిమ తోలే కావాలనుకుంటే పాలికార్బనేట్ ఆధారిత పాలియూరితేన్ పూత ఉన్నదా అని, తేమను తట్టుకునే పరీక్ష చేశారా అని లిఖితపూర్వకంగా అడగండి. తోలు ముక్కలను పొడిచేసి అతికించిన ‘బాండెడ్ లెదర్’ జోలికి వెళ్లవద్దు. దాని పైపొర కూడా పాలియూరితేనే.

అసలు తోలు విషయానికి వస్తే, రంగు పూత లేకుండా సహజంగా వదిలిన తోలు చేతికి ఎంతో హాయిగా ఉంటుంది, మరకలను, చెమటను అంతే హాయిగా పీల్చుకుంటుంది. మీకు పైన రంగు పూత ఉన్న తోలు మేలు. ఏదైనా సరే, వానాకాలంలో మూసివున్న గదిలో బూజు పట్టే అవకాశం ఉంది.

నా ఎంపిక అయితే సొల్యూషన్ డైడ్ ఆక్రిలిక్ బట్ట. యాట్‌ల డెక్ మీద, హోటళ్ల ఈతకొలనుల దగ్గర వాడే బట్ట ఇదే. మామూలు బట్టకు రంగు నేసిన తరువాతనో, నూలు తీసిన తరువాతనో వేస్తారు. దీనికి పోగు తయారయ్యే ముందే, ద్రవంలోనే రంగు కలుపుతారు. జంతికల పిండిలోనే కారం కలపడానికీ, వేయించిన తరువాత పైన చల్లడానికీ ఉన్నంత తేడా. అందుకే ఎండకు అంత తేలికగా వెలవదు. ఒకప్పుడు గరుకుగా ఉండేది కానీ ఇప్పుడు లోపలి గదులకు తగినంత మెత్తటి నేతలు వస్తున్నాయి. రాపిడి సంఖ్య, అంటే ఎన్నిసార్లు రుద్దేవరకు బట్ట అరగకుండా ఉంటుందన్నది, కూడా అడగండి. మార్టిన్‌డేల్ పరీక్షలో ఇంటి సోఫాకు 25,000 దాటితే చాలు. లక్ష అని చెప్పి ఎక్కువ ధర అడిగేవారికి మీ హాలు విమానాశ్రయం కాదని చెప్పండి.

తీరపు కుట్టు (జవాబు)

బెజవాడ వారి పట్టీల మాట నాకు నచ్చింది. ఇంటి సోఫాకు నేను చెప్పిన పలక కన్నా అదే మేలు, ఒప్పుకుంటున్నాను. సామాను పెట్టె కావాలనుకున్న సీటుకు మాత్రం పలక వేయించుకోండి.

ఒక విషయం రాయడం మరచిపోయాను: నిప్పు. మామూలు పాలియూరితేన్ ఫోమ్ అంటుకుంటే చాలా వేగంగా కాలుతుంది, నల్లటి విషపు పొగ వస్తుంది. బ్రిటన్‌లో 1988 నుంచి ఇంటి సోఫాలకు కూడా సిగరెట్ పరీక్ష, అగ్గిపుల్ల పరీక్ష ఉన్నాయి. నౌకలలో తప్పించుకునే దారులు తక్కువ కనుక మేము ఫోమ్, బట్ట రెండింటికీ పరీక్ష పత్రాలు లేకుండా లోపలికి తీసుకోము. మీరు కూడా మంటను ఆలస్యం చేసే రకం ఫోమ్ అడిగి తీసుకోండి. ఏడో అంతస్తు అన్నారు కనుక ప్రత్యేకంగా చెబుతున్నాను. పూజ గది హాలులోకి తెరుచుకుంటే, అగరువత్తుల స్టాండును సోఫాకు దూరంగా పెట్టండి.

రుషికొండ నివాసి

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాల తరువాత ఎంతవరకు వచ్చిందో తెలియజేస్తున్నాను.

నాన్నగారి కొలతలు తీసుకున్నాము. గోడ నుంచి మోకాలి మడత వరకు 49 సెంటీమీటర్లు, నేల నుంచి మడత వరకు 43. పాత సోఫా లోతు కొలిచి చూస్తే 60, కూర్చున్న తరువాత ఎత్తు 36 మాత్రమే. ఇన్నాళ్లూ ఆయన వయసును నిందించాము. గాజువాకలో ఒక సోఫా మేస్త్రీ దొరికారు. తెల్ల గుడ్డతో ముందు కూర్చోబెట్టి చూడాలంటే మొదట నవ్వారు, పెద్దవారి కోసమని చెప్పిన తరువాత ఒప్పుకున్నారు. సీటు లోతు 45, కుంగిన తరువాత ఎత్తు 46 ఉండేలా టేకు చట్రం, పట్టీలు, రెండు పొరల ఫోమ్‌తో ఒంటి కుర్చీ తయారైంది. 316 పిన్నులు స్థానికంగా దొరకలేదు, ఆన్‌లైన్‌లో తెప్పించి ఆయనకు ఇచ్చాము.

గత ఆదివారం నాన్నగారు ఆ తెల్ల గుడ్డ కుర్చీలో కూర్చుని ఒక పూర్తి వన్డే మ్యాచ్ చూశారు. మధ్యలో రెండుసార్లు ఎవరి సాయమూ లేకుండా లేచి మంచినీళ్లకు వెళ్లివచ్చారు. ఎలా ఉందని అడిగితే, ఎడమ వైపు చేతి ఆనుపు వేలెడంత ఎత్తు పెంచమన్నారు, ఆ భుజం నొప్పి వల్ల. మేస్త్రీ ఆ మార్పు కోసం కుర్చీని మళ్లీ తీసుకువెళ్లారు. అంతవరకు బట్ట కొనవద్దని ఆయనే చెప్పారు. రంగు దగ్గర మా ఆవిడకూ అబ్బాయికీ ఇంకా కుదరలేదు కనుక తొందర కూడా లేదు.